ఎండ్రికాయ పానా

ఏందిరా గది, గంత బరువు మోసుకొస్తున్నవ్? సజ్జ మీది సంచేనా? అయ్యో, నీ అంగి అంత ఖరాబైంది గదరా. ఇటు తే, గచ్చు మీద పెట్టకు, గా పాత చద్దరు పరిచి దాని మీద పెట్టు. మా చెల్లె పద్మ ఫోన్ జేసి చెప్పింది, నా మనుమడొస్తడక్కా, పాత మోటార్ల సామాను జమ చేసే పిచ్చి వానికి, బావ సామానేమన్న మిగిలుంటే చూపియ్యి అని. పిచ్చి అంటే నేనేమనుకోను బిడ్డా, నేను కాపురం జేసిందే పిచ్చోనితోని. కూసో. ఒక్కొక్కటి తియ్యి, చెప్త. ముసలిదానికేం తెలుస్తదని చూడకు, బువ్వ పెట్టిన ప్రతిసారి గివే ముచ్చట్లు విన్న నేను. గిది స్ప్రింగును అదిమే పానా. ఫియట్ కారుకు ముందు చక్రం కాడ లావు స్ప్రింగుంటది, దాన్ని గిట్ల రెండు దిక్కుల పట్టి మర తిప్పి అణచాలె, జారిందంటే మనిషి పండ్లు రాలుతయ్. గది, వేళ్ళలెక్క చీలి ఉన్నది చూడు, అది బాల్ జాయింటును ఊడబీకేది, సందుల పెట్టి సుత్తెతోని ఒక్కటేస్తే టప్పుమని వస్తది. గా పొడుగు గొట్టం పారేసేవు, జాగ్రత్త, రెండు కొసలకు ముండ్లున్నయ్ గదా, అది ముందు చక్రాల నడుమ ఎడం కొలిచేది. ముంగటికెళ్ళి ఒకపారి, ఎనుకకెళ్ళి ఒకపారి కొలుస్తరు, ముంగట జర తక్కువ రావాలె. పావురం కాళ్ళలెక్క లోపలికి చూడాలె చక్రాలు, అప్పుడే బండి సీదా నడుస్తది. ఔ, నాకు బండి నడపరాదు, అయితేంది? ఇంకేమున్నది లోపల? ఆఁ... దొరికిందా. గదే. గదేందంటవా? నా సవతిరా అది. నవ్వకు, నిజంగనే చెప్తున్న. గదేందో చెప్పాలంటే ముచ్చటంత చెప్పాలె. నువ్వు అప్పటిదాక ఫోన్ల ఫొటో గుంజి ఎవరినన్న అడుగుతనంటే అడుగు, నేనేం అడ్డం రాను.

మీ తాత వామన్‌రావు. చూసినవా, పేరు పెట్టి అన్న. బతికున్నన్ని దినాలు నోటికి రానియ్యలె, మా ఇంటాయన, ఇగో, వింటున్నవా, గిట్లనే గడిపిన. ఇప్పుడంటే ఏం జేస్తడు, పోయి ఎంత కాలమాయె. వాళ్ళది గుమాస్తాల ఇల్లు. నాయిన కచేరీల కూసొని కలం పట్టుకొని బతికిండు, కొడుకేమో చదువు ఇడిసిపెట్టి నాంపల్లి స్టేషను కాడ ఒక ముసలి ఉస్తాదు దగ్గర మోటారు పనికి కుదిరిండు. గదే ఉస్తాదు కింద ఇంకొకడు, శ్రీపతి. ఇద్దరు ఒకటే జోడు. ఒకటే డబ్బల తినుడు, ఒకటే బీడీని నువ్వు రెండు గుంజులు నేను రెండు గుంజులు అని తాగుడు. ఉస్తాదు కాలం చేసినంక ఈయన నాంపల్లిలనే ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నడు. శ్రీపతేమో ఆబిడ్స్‌ల పెట్టిండు. పెద్ద సడక్ మీద గాదు, లోపటి గల్లీల, అయినా ఆబిడ్స్ ఆబిడ్సే గదా. గంతే, గప్పటిసంది అంటుకుంది ఈయనకు. ఇంటికొచ్చి కంచం ముంగట కూసొని గదే పారాయణం. "బెత్తం కుర్చీ ఏసిండే నళినీ, గిరాకీలు కూసోనికె." ఏసుకోనియ్యి, మనం గూడ ఏద్దాం. "మనం ఏస్తే వాన్ని చూసి ఏసినమంటరు." మరి ఎయ్యకు. "ఎయ్యకపోతే గతిలేదంటరు." గిట్లుంటుండె. ఒకపారి శ్రీపతికి జ్వరమొచ్చిందంటే చూడపోయిండు. వచ్చి ఏమన్నడో ఎరికేనా? "జ్వరం గూడ వానికి పెద్ద డాక్టరు చూసే జ్వరమే వస్తదే!" నేను నవ్వితే రెండు దినాలు మాట్లాడలె. ఒకడు అన్నం తింటుంటే ఇంకొకని కడుపునొప్పి, గంతేరా అది, దానికి మందు లేదు.

గానీ అసలు మంట మా లగ్గం నాడు అంటుకున్నది. అప్పుడప్పుడే ఆంధ్రప్రదేశ్ అయింది, కొత్త ఆఫీసర్లు, కొత్త కార్లు వస్తున్నయ్, పాత దేవిడీల నవాబులు ఒక్కొక్కటి అమ్ముకుంటున్నరు. ఒక నవాబు ఇంట్ల, పేరెందుకు తియ్యి, మోటార్లన్ని పోయినంక సామాను వేలం పెట్టిన్రు. అండ్ల ఒక పచ్చరంగు ఇనుప పెట్టె, నిండ విలాయతి పానాలు. గా పెట్టె మీద ఇద్దరికి కన్నుండె. వేలం ఎప్పుడు? సరిగ్గ మా లగ్గం దినమే, పుస్తె కట్టే యాళకే. ఈయన పీటల మీద కూసున్నడు, చేతిల పుస్తె, కండ్లు మాత్రం వాకిలి దిక్కు. నేనేమనుకున్న? పిల్ల మొఖం చూడనికె సిగ్గుపడుతుండు, మంచోడే దొరికిండు అనుకున్న. సిగ్గూ లేదు పాడూ లేదు. శ్రీపతి ఎందుకు రాలె, శ్రీపతి ఏడికి పోయిండు, గదొక్కటే ఫికర్. ప్రాణదోస్తు లగ్గానికి రాలె, వేలంపాటకు పోయిండు. పెట్టె కొనుక్కున్నడు, తెల్లారి అదే నవ్వు మొఖంతోని వచ్చి మాకు అక్షింతలేసి పోయిండు. ఇగ చూస్కో, నా కాపురమంత గదే ఎత్తిపొడుపు. కూరల ఉప్పెక్కువైనా, రేకులు కారినా, "నీ లగ్గం గా దినం గాకుంటే పెట్టె నాదే అయ్యేది" అనుడే. ముహూర్తం పెట్టింది నేనా? పంతుల్ని అడుగు పో అంటుంటి. కొత్త పెండ్లాం ఇంట్ల ఉంటే మగోడు ఎవని గురించి కలవరిస్తడు చెప్పు? ఈయన నిద్రల గూడ పానాలే కలవరిచ్చిండు. సవతి అని ఊకెనే అన్ననా?

శ్రీపతి గా పెట్టెకు తాళమేసుకున్నడు. పని చేస్తుంటే ఎవరన్న వస్తె మూత దబ్బున ఏసేటోడు. గానీ దసరా నాడు ఎట్ల దాస్తడు? పనిముట్లన్ని కడిగి, నూనె పూసి, బట్ట పరిచి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు పెట్టాలె. ఏది దాచినా అమ్మవారికి దొంగతనం జేసినట్టే. గా దినం వాటిని ముట్టొద్దు, తెల్లారినంకనే చేతవట్టాలె. పొద్దుమీకంగనే జమ్మి పట్టుకొని ఒకరి దుకాణానికి ఒకరు పోవాలె, చేతిల పెట్టి బంగారమనాలె, అలాయ్ బలాయ్ తీసుకోవాలె. ఎంత పగోడైనా గా దినం ఛాతికి ఛాతి తాకాలె. ఈయన పోయిండు. పోయి చూస్తే పూజల అన్ని వరుసగ ఉన్నయట, ఒక్కొక్కటి గుర్తువట్టుకుంట పోయిండు, ఇది స్ప్రింగుది, ఇది బాల్ జాయింటుది, ఇది కింగ్‌పిన్ను తోసేది. నట్టనడుమ, అన్నిటికన్న పెద్ద దండేసి, గిది. చూడు, రెండు కొండెలు ఎండ్రికాయకున్నట్టు, నడుమ మర, ఎనుక వంకర కాలు, కాలు కొసకు కడెం. ఎన్ని తీర్ల చూసినా గిదేందో గుర్తువట్టరాలె. శ్రీపతిని ఛాతికి హత్తుకొని, వాని భుజం మీదికెళ్ళి దీన్నే చూస్తుండట. శ్రీపతే అన్నడట, "ఇడుస్తవారా వామన్, ఊపిరాడుతలేదు." ఇంకెవడో గిరాకి అడిగితే, "గిదేంది శ్రీపతీ?" అని, శ్రీపతి మీసం కింద నవ్విండట, "గది చిన్న పనులకు తీసేది గాదు సాబ్" అన్నడట. ఈయన అది పట్టుకొని ఇంటికొచ్చిండు. నువ్వన్న అడగరాదా అని నేనంటే, "అడిగితే నాకు తెల్వదని వానికి తెలుస్తది." నీకు తెల్వదు గదా! "తెల్వదు. నాకు తెల్వదని వానికి తెల్వదు గదా." గిట్ల మాట్లాడితే ఎవలేం జేస్తరు.

తెల్లారి నేను రొట్టెలకు పిండి కలిపి పెట్టిన. వచ్చి చూస్తే పిండి లేదు. ఈయన పొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూసొని పిండితోని పానా బొమ్మ చేస్తుండు. కొండెలు వంచుతుండు, కండ్లు మూసుకొని మళ్ళ యాది చేసుకుంటుండు. ముట్టొద్దు గదా పూజల సామాను, చేత్తోని చూడరాలె, కంటితోనే చూసుడు. పై దిక్కు యాదికున్నది, కింది దిక్కు యాదికి లేదు. ఇగ మల్ల దసరా దాక ఆగాలె. మల్ల దసరాకు ఏం జేసిండనుకున్నవ్? శ్రీపతి దుకాణంల అమ్మవారి ముంగట బోర్ల పడి సాష్టాంగం పెట్టిండు. కింది దిక్కు చూడనికె! లేస్తలేడు. శ్రీపతి పెండ్లాం వసుమతి నాకు చెప్పింది, మేమిద్దరం బతుకమ్మ కాడ కలిసేటోళ్ళం, మగోళ్ళ మంటలు మాకెందుకు, "అక్కా, అన్నకు గంత భక్తి ఎప్పుడొచ్చిందే?" అన్నది. నేనేమనాలె? వచ్చింది తల్లీ, మావాళ్ళకు దసరా దసరాకు వస్తది అన్న. గట్ల దసరాలు చూసి చూసి బొమ్మ కుదిరింది. దాన్ని బట్టల చుట్టుకొని ఉస్మాన్‌గంజ్ ఎనుక రామచందరని లేత్ మిషనోడుంటుండె, ఆయన దగ్గరికి పోయిండు. "ఏ బండిది వామన్‌రావు సాబ్ గిది?" నీకెందుకు, చెయ్యి. "కొలతలన్న చెప్పున్రి." కొలతలు గిదే, ఎండిన రొట్టెపిండి. రామచందరు నెత్తి గోక్కుంట చేసిచ్చిండు. అచ్చం గిట్లనే. అక్షరాలు మాత్రం లేవు, అసలు దాని మీద ఇంగ్లీషుల ఏందో చెక్కి ఉన్నది, బోర్ల పడి చూసినా అది చదువరాలె ఈయనకు.

ఇప్పుడు డాక్టరమ్మ ముచ్చట చెప్పాలె, లేకుంటే నీకు తెల్వదు. కమలకుమారి అని, కోస్తా దిక్కుకెళ్ళి వచ్చింది, ఆబిడ్స్‌ల దవాఖాన పెట్టింది. ఫియట్ కారు ఆమెది, లేత పచ్చది. మొదట ఈయన దగ్గరికే వచ్చేది కారు. ఎంత నోరున్న మనిషి అంటే, ఆమె ఒక మెకానిక్కును మెచ్చుకుంటే ఆమె దగ్గర సూది పొడిపించుకున్నోళ్ళందరు కార్లు గాడికే తోలేటోళ్ళు. గా కారు శ్రీపతి దగ్గరికి పోయింది. దగ్గర గదా, ఆబిడ్స్‌లనే, పైంగ విలాయతి పెట్టె ఉన్నదని పేరు. ఆమె ఎనుక ఇంకో ఆఫీసరు, ఆయన ఎనుక ఇంకో వకీలు. షెడ్డు ముంగట ఖాళీ. ఈయనకు అన్నం సయించలె. లచ్చిమి పోయినట్టే ఏడ్చిండు. నిజం చెప్పాలంటే లచ్చిమి గురించి గాదు, కారు గురించే. "నా చేతి కింద పెరిగిన బండి నళినీ, ఇప్పుడు వాని చెయ్యి తాకుతుంటే..." అనుకుంట అటు తిరిగి పండుకునేది. నాకు తాపం, నన్ను చూసి ఎన్నడన్న గట్ల అన్నడా అని.

ఎండ్రికాయ పానా తయారైన ఏడాది దసరాకు ఈయన షెడ్డుల పూజ జబర్దస్తుగ పెట్టిండు. నట్టనడుమ దాన్ని పెట్టి, శ్రీపతి ఏసిన దండకన్న లావు దండ ఏసిండు. పొద్దుమీకింది. జమ్మి పట్టుకొని శ్రీపతి వచ్చిండు. లోపలికి అడుగు పెట్టిండు, దాన్ని చూసిండు, గాడనే నిలవడ్డడు. మొఖం మాడిపోయింది. నేను ప్రసాదం పళ్ళెం పట్టుకొని పక్కనే ఉన్న, నా కండ్లతోని చూసిన. ఈయన మొఖం ఎలిగిపోతున్నది. గప్పుడే చూడు, డాక్టరమ్మ దిగింది. స్టేషనుల చెల్లెను దించి వస్తుండెనట, పూజ చూసి ఆగింది. "శ్రీపతిగారూ, మీరూ ఇక్కడే ఉన్నారా! నా కారు ఇంకా ఎడమవైపుకే లాగుతోందండీ, ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అన్నది. మా ఆయన నవ్వు ఆపుకుంటుండు. అంతల ఆమె చూపు దీని మీద పడ్డది. "వామన్‌రావుగారూ, శ్రీపతిగారి దగ్గరున్నట్టే ఉందే ఇది! ఏమిటండీ ఇది, దేనికి?" ఇగ పొయ్యిల పడ్డడు. తెల్వదంటే పరువు పాయె, శ్రీపతి ముంగట. ఏందో ఒకటి అనాలె. కారు ఎడమకు గుంజుతదని గప్పుడే విన్నడు గదా, అదే నోటికొచ్చింది. "ఇది చక్రాలు సీదా చేసే పానా అమ్మా" అన్నడు. అని శ్రీపతి దిక్కు చూసిండు, ఇప్పుడు పగలవడి నవ్వుతడు, అందరి ముంగట ఇజ్జత్ తీస్తడు అని. శ్రీపతి నవ్వలె. నెమ్మదిగ తలూపిండు. "ఔ, ఔ. గంతే. చక్రాలదే" అన్నడు. ఈయనకు పాణం లేచొచ్చింది. చూసినవా, గుడ్డిగ బాణమేస్తే తాకింది, నిజంగనే చక్రాలదట అనుకున్నడు.

డాక్టరమ్మ ఊకుంటదా? దసరా దాటంగనే కారు తెచ్చి షెడ్డుల పెట్టింది. "ఆ పానాతోనే చేయండి" అని. ఇగ ఈయన గోస చూడాలె. పానాను చక్రానికి పెట్టి చూసిండు, పట్టలె. స్ప్రింగుకు పెట్టిండు, పట్టలె. కారు కిందికి పోయి కడెం ఏడన్న తగిలిద్దామని చూసిండు, ఏడా తగులది. చెమటలు గారుతున్నయ్. ఆఖరికి ఏం జేసిండు, నా దగ్గరికొచ్చి పూలు గుచ్చే నూలుదారం అడిగిండు. ఉస్తాదు నేర్పిన పద్ధతే. ఎనుక చక్రం కాన్నుంచి ముందు చక్రం దాక బిగ్గ దారం పట్టి, ఒక కన్ను మూసి చూసుడు, గా ముండ్ల గొట్టంతోని కొలుసుడు, మర తిప్పుడు, బండిని ముంగటికి దొబ్బుడు, మల్ల దారం పట్టుడు. దినాలకు దినాలు. నేను సద్ది పట్టుకపోతే నేల మీద బోర్ల పండి ఉండేటోడు, దారం దిక్కు చూసుకుంట, నన్ను గూడ చూడకపోయేది. పానాను మాత్రం బానెట్ మీద పెట్టిండు, వచ్చిపోయేటోళ్ళకు కనవడాలె అని. కారు తయారైంది. డాక్టరమ్మను పక్కన కూసోబెట్టుకొని నాంపల్లి కాన్నుంచి ఆబిడ్స్ దిక్కు తోలిండు, నడిమిట్ల స్టీరింగు ఇడిసిపెట్టి రెండు చేతులు ఒళ్ళె పెట్టుకున్నడట. బండి దారం మీద నడిచినట్టే సీదా పోయిందట. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఆడికాడికే శ్రీపతి గల్లీ ముంగట ఆపించి, "శ్రీపతిగారూ, మీ దగ్గర ఉన్న పానాయే కదండీ, ఆయనకి చేతనయింది, మీకెందుకు కాలేదు?" అని అడిగి మరీ వచ్చింది. చూడు ఆమె నోరు! గిరాకీలంత మల్ల నాంపల్లికి మర్లిన్రు.

మరి సంతోషపడాలె గదా? ఇంటికొచ్చి మొఖం యేలాడేసుకొని కూసున్నడు. ఏమైందయ్యా, గెలిచినవు గదా? "గెలిచిన, దారంతోని. దాని అసలు పని వానికెరికే. ఔ ఔ అని ఎట్ల తలూపిండో చూసినవా? లోపల నవ్వుకుంటుండు. వాడు గనక దాన్ని తీసిండంటే మనం ఏడ ఉంటం?" నీ దారంతోనే బండి సీదా పోయింది గదయ్యా అంటే చెవిల పడలె. షెడ్డుల ఎవలు లేని యాళ దాన్ని పట్టుకొని కార్ల కింద దూరేటోడు, ఏడన్న తగుల్తదేమో అని. జీపుకు పెట్టిండు, అంబాసిడర్‌కు పెట్టిండు, ఎవరిదో పాత బ్యూక్ కారు వస్తే దానికి పెట్టిండు. ఇంతల మల్ల దసరా వచ్చింది. శ్రీపతి జమ్మి పట్టుకొని రాలె. "నేనెందుకు పోవాలె, రావలసింది వాడు" అని ఈయన పోలె. గంతేరా. ఒకటే బీడీ తాగినోళ్ళు, ఏడాదికొకపారి ఛాతికి ఛాతి తాకేది, అది గూడ పోయింది. నాంపల్లికి ఆబిడ్స్ ఎంత దూరం? నడిచిపోతే కాళ్ళు గూడ గుంజయి. గా జరంత దూరం దాటనికె ఇద్దరికి చాతకాలె. మేము ఆడోళ్ళం మాత్రం బతుకమ్మ కాడ కలుసుకుంటనే ఉన్నం, గానీ పానా ముచ్చట తియ్యకపోయేది, తీస్తే మేము గూడ కొట్లాడుకుంటమని భయం.

శ్రీపతి గుండె ఆగి పోయిండు, గిట్లనే కూసున్న మనిషి కూసున్నట్టే. ఈయన కబురు విని చెప్పుల్లేకుండ ఉరికిండు. దినాలన్ని అయ్యేదాక ఆడనే ఉన్నడు, మోసిండు, అన్నిటికి నిలవడ్డడు. ఆఖరు దినం వసుమతి లోపటికెళ్ళి బట్టల చుట్టిన గిదాన్ని తెచ్చి ఈయన చేతిల పెట్టింది. "అన్నా, ఆయన పోయే ముందు వారమే అన్నడు. గా పెట్టెల అన్నిటి పని నాకెరికే, గిదొక్కటి ఏందో కొన్ననాటి కాన్నుంచి సమజ్ కాలె. పెద్దగ కనవడ్డదని పూజల నడుమ పెట్టేటోన్ని. వామన్‌కు ఎరికే దాని పని. ఒక్కపారి చూపియ్యిరా అని అడుగుదామని ఎన్నిసార్లో నాంపల్లి దాక పోయిన, షెడ్డు చూసి మర్లొచ్చిన, నోరు రాలె. వాని చేతిల ఉంటేనే దానికి ఇజ్జత్, వానికే ఇచ్చెయ్యి అన్నడన్నా" అన్నది. ఈయన తీసుకున్నడు. ఇంటికొచ్చి రెండిటిని మంచం మీద పక్కపక్కన పెట్టి కూసున్నడు. నేను నీళ్ళు తెచ్చిన. "నళినీ, వానికి గూడ తెల్వదట." గిలాస చేతికిచ్చిన, పక్కకు పెట్టిండు. "నన్ను చూసి వాడు కాలిండటనే. నన్ను చూసి! ఇన్నేండ్లు." ఒక దిక్కు మొఖంల ఖుషీ కనవడ్డది బిడ్డా, అబద్ధమెందుకు, ఒక్క నిమిషం ఎలిగిపోయింది మొఖం. ఎనుకనే గుండెలు బాదుకొని ఏడ్చిండు. "గాడిదకొడుకు, నాంపల్లి దాక వచ్చినోడివి లోపలికి రావద్దారా" అని. గప్పటిసంది దసరాకు రెండిటిని కలిపి పెట్టి, శ్రీపతి దాని మీద జమ్మి ఏసి దండం పెట్టేటోడు. కార్ల కింద పెట్టి చూసుడు మాత్రం ఇడిసిపెట్టిండు. సంచి అడుగున ఇంకోటి ఉంటది చూడు, అక్షరాలు లేనిది, అదే మా పిండి బొమ్మది.

ఏంది, మోగుతుంది నీ ఫోను? జవాబొచ్చిందా? గింత జల్దీ వచ్చిందా? ఏ దేశపోడు... ఆగు. ఆగురా, చెప్పకు! నోట్లెనే పెట్టుకో. నువ్వు చదువుకో, నీకు పనికొస్తది, నాకొద్దు. గా ఇద్దరు దాని పనేందో తెల్వకుండనే పోయిన్రు. ఇయ్యాలనో రేపో నేను గూడ పోయేదాన్నే. ఆడికి నేను తెలుసుకొని పోయిననుకో, మీ తాత ఊకుంటడా? నీకు తెల్వదు ఆయన సంగతి. శ్రీపతి దిక్కు తిరిగి "చూసినవారా, దీనికి తెలుసట" అంటడు, గంతే, ఇద్దరొకటై నన్ను చూసి కాలి సస్తరు. నవ్వకు. గా గిలాస ఇటియ్యి, చాయ్ చల్లగైంది, ఎచ్చబెట్టుకొస్త. బిస్కిట్లు తింటవా?